పోర్టో నగరంలోని స్ఫటిక భవనపు తోటలను ఎలా చూడాలి: నదిని చివరికి ఉంచుకునే నడక

పోర్చుగల్ ఉత్తర భాగంలో, డౌరో నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలవడానికి కొద్ది కిలోమీటర్ల ముందు, నిటారుగా లేచిన గ్రానైట్ గట్ల మీద పోర్టో నగరం ఉంది. ఆ గట్లలో ఒకదాని నెత్తిన సుమారు 8 హెక్టార్ల మేర పరచుకున్న తోటలను స్థానికులు జార్డిన్స్ దొ పలాసియో దె క్రిస్టల్ అంటారు, అంటే స్ఫటిక భవనపు తోటలు. ప్రవేశ రుసుము లేదు. అందువల్లనేమో, చాలామంది సందర్శకులు ప్రధాన ద్వారంలో అడుగుపెట్టి, నది ఎటువైపు కనిపిస్తుందో అడిగి, తిన్నగా ఆ అంచుకు పోయి, నాలుగు ఫోటోలు తీసుకుని ఇరవై నిమిషాల్లో తిరిగి వస్తారు. అలా వెళితే దృశ్యం దక్కుతుంది గాని తోట దక్కదు. మీరు కనీసం మూడు గంటలు కేటాయించుకుని, నదిని చివరికి ఉంచుకుని నడవాలని నా అభిప్రాయం. ఆ నడక ఎలా సాగాలో వరుసగా చెబుతాను.

మొదట, ఏమి చూడబోతున్నారో తెలుసుకోండి

పేరు చూసి భవనం కోసం వెతకకండి. అది ఇప్పుడు లేదు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌ను ఆదర్శంగా పెట్టుకుని, ఆంగ్ల వాస్తుశిల్పి థామస్ డిల్లెన్ జోన్స్ గ్రానైటు, ఇనుము, గాజులతో రూపొందించిన ప్రదర్శనశాలకు 1861లో రాజు ఐదవ పెడ్రో శంకుస్థాపన చేశాడు. 1865 సెప్టెంబరు 18న అంతర్జాతీయ ప్రదర్శనతో అది ప్రారంభమైంది. ఎనభై ఆరేళ్ళు నిలిచిన ఆ భవనాన్ని 1951లో కూల్చివేశారు. మరుసటి సంవత్సరం చక్రాల బూట్లతో ఆడే హాకీ ప్రపంచ పోటీలు పోర్టోలో జరగవలసి ఉండడంతో, దాని స్థానంలో గుమ్మటం ఆకారపు క్రీడాశాలను కట్టారు. మీకు చెట్ల మధ్య కనిపించే పెద్ద గుండ్రటి కప్పు ఆ క్రీడాశాలదే. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో మారథాన్ స్వర్ణం గెలిచిన, ఈ నగరపు బిడ్డ రోజా మోటా పేరును తరువాత దానికి పెట్టారు. 2019లో దాన్ని బాగుచేసి తిరిగి తెరిచారు.

భవనం పోయినా, దాని చుట్టూ జర్మనీకి చెందిన ఎమిల్ డేవిడ్ 1860లలో రూపకల్పన చేసిన తోట మిగిలింది. దీన్ని రొమాంటిక్ తోట అంటారు. ఇక్కడ ఆ మాటకు ప్రేమికుల తోట అని అర్థం కాదు. పందొమ్మిదో శతాబ్దపు యూరపు సాహిత్యంలో, చిత్రకళలో కాల్పనికవాదం అని మనం పిలిచే ధోరణి తోటల పెంపకంలోకి కూడా వచ్చింది. అంతకు ముందరి రాజోద్యానాలలో అంతా కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నని దారులు, కత్తిరించిన పొదలు ఉండేవి. నిలబడిన చోటి నుంచే తోటంతా కనిపించేది. కాల్పనిక తోటలో దారి వంకర తిరుగుతుంది, చెట్ల చీకటి తరువాత వెలుతురు వస్తుంది, దూరదేశపు చెట్టు పక్కన ఊరి చెట్టు ఉంటుంది, గుహ ఉంటుంది, చిన్న చెరువు ఉంటుంది, విషాదానికీ ఒక మూల కేటాయించి ఉంటుంది. అన్నిటినీ మించి, చూడవలసిన దాన్ని దాచి, కొంచెం చూపించి, మళ్ళీ దాచి, ఆఖరున పూర్తిగా తెరిచి చూపడం ఈ తరహా తోటల పద్ధతి. నదిని చివరికి ఉంచుకోమని నేను చెప్పడానికి కారణం ఇదే.

రోజును, వేళను ఎంచుకోండి

తోట ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉదయం 8 నుంచి రాత్రి 9 దాకా, అక్టోబరు నుంచి మార్చి వరకు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచి ఉంటుంది. ఇటువంటి వేళలు మారుతుంటాయి కనుక వెళ్ళగానే ద్వారం దగ్గరి బోర్డు ఒకసారి చూడండి. ఇందులో ఒక చిక్కు ఉంది. జూన్ నెలాఖరులో పోర్టోలో సూర్యాస్తమయం రాత్రి 9 దాటిన పది నిమిషాలకు గాని కాదు. అప్పటికి ద్వారాలు మూసేస్తారు. డిసెంబరులో సాయంత్రం 5 దాటిన కొద్దిసేపటికే పొద్దు కుంకుతుంది కనుక, తోటలోనే నిలబడి సూర్యాస్తమయం చూసి, ఆ తరువాత కూడా నిదానంగా బయటికి రావచ్చు. నడివేసవిలో అస్తమయం చూడాలనే పట్టుదల ఉంటే తోట ముగించుకుని, అక్కడికి కొద్ది దూరంలో ఉన్న పస్సెయో దస్ విర్తూదెస్ అనే వీధి గట్టుకు వెళ్ళండి. అది వీధే కనుక మూసే గేటు లేదు.

ఇక ఋతువు సంగతి. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ వానలు ఎక్కువ, అట్లాంటిక్ గాలి చలిగా వీస్తుంది. అయినా నన్ను అడిగితే ఈ తోటను చూడవలసింది ఫిబ్రవరిలో, కమేలియాలు పూసినప్పుడు. ఇది తేయాకు మొక్కకు దగ్గరి చుట్టం. జపాన్ నుంచి వచ్చిన మొక్క కాబట్టి పోర్టో జనం దీన్ని జపొనెయిరా అంటారు. ముదురాకుపచ్చగా మెరిసే దళసరి ఆకుల మధ్య తెలుపు, గులాబీ, ఎరుపు, చారల పువ్వులు విచ్చుకుంటాయి. పువ్వు వాడేటప్పుడు రేకు రేకుగా రాలదు. మొత్తం పువ్వు ఒక్కసారిగా తొడిమ నుంచి విడిపోయి నేల మీద వెల్లకిలా పడుతుంది. వాన వెలిసిన ఉదయం చెట్టు కింద చూస్తే, కొమ్మ మీద ఎన్ని ఉన్నాయో నేల మీద అన్ని ఉంటాయి, అవి కూడా కోసి పేర్చినట్టు చెక్కుచెదరకుండా.

మే, జూన్ నెలలు గులాబీల కాలం. జూన్‌లో లిండెన్ చెట్లు పూస్తాయి. వాటి సంగతి వాటి దగ్గరికి వెళ్ళినప్పుడు చెబుతాను. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా నగరపు పుస్తక ప్రదర్శన ఈ తోటలోనే జరుగుతుంది. పుస్తకాలంటే ఇష్టమున్నవారికి అది పండుగే గాని, నిశ్శబ్దం కోరుకునేవారు ఆ రోజుల్లో ఉదయాన్నే వెళ్ళి రావడం మేలు.

కాలికి ఏమి తొడుక్కోవాలి

పట్టున్న అడుగు గల బూట్లు. తోటలో దారులు చాలావరకు సమతలంగానే ఉంటాయి, కానీ చివర మనం దిగబోయే సందులు గ్రానైటు రాళ్ళు పరిచినవి. శతాబ్దాల నడకకు నునుపెక్కిన ఆ రాళ్ళు తడిసినప్పుడు నూనె రాసినట్టు జారతాయి. నున్నటి అడుగు గల చెప్పులతో అక్కడ దిగి, ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చిన అనుభవం నాది. కిందికి చేరేసరికి నేను చూసింది నా పాదాలనే, నదిని కాదు. వేసవిలో కూడా ఒక పలుచని కోటు వెంట ఉంచుకోండి, ఎందుకంటే గట్టు అంచున సముద్రపు గాలికి అడ్డు లేదు.

తోట దాకా నడిచే వెళ్ళండి

సావో బెంతో రైల్వే స్టేషన్ నుంచి ప్రధాన ద్వారానికి సుమారు అరగంట నడక. బస్సులూ ఉన్నాయి, నగర కేంద్రం నుంచి 200, 201 నంబర్ల బస్సులు ఎక్కి పలాసియో అనే స్టాపులో దిగవచ్చు. నగర రవాణాలో చెల్లే ఆందాంతె కార్డు వాడేవారు ఎక్కగానే దాన్ని యంత్రానికి చూపడం మరవకూడదు. అయినా నడకనే నేను సిఫారసు చేస్తాను, దానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. స్టేషన్ నుంచి క్లెరిగోస్ గోపురం వైపు ఎక్కి, దాన్ని దాటితే కొర్దొఅరియా ఉద్యానం వస్తుంది. దాన్ని రూపొందించినవాడు కూడా ఎమిల్ డేవిడే. చిన్నదైన ఆ తోటను ముందుగా ఒక చుట్టు చుట్టి వస్తే, ఆయన చేతివాటం కంటికి అలవాటై, పెద్ద తోటలోకి వెళ్ళాక ఎక్కువ విషయాలు పట్టుకోగలుగుతారు. అక్కడి నుంచి సాంతో ఆంతోనియో ఆసుపత్రి, సొఆరెస్ దోస్ రెయిస్ మ్యూజియం దాటి అదే దారిన ముందుకు పోతే, డోమ్ మాన్యుయెల్ రెండవ రాజు పేరు గల వీధిలో తోట ప్రధాన ద్వారం కనిపిస్తుంది.

ముందు తోటలో తొందరపడకండి

ద్వారం దాటగానే ఎదురయ్యే భాగానికి ఎమిల్ డేవిడ్ పేరే పెట్టారు. ఫౌంటెన్లు, పోత ఇనుప విగ్రహాలు, తీర్చిన పూల మళ్ళు, వాటి వెనక గుమ్మటం. ఇక్కడ చెట్లను చూడండి. ఆకాశంలోకి సన్నగా లేచిన తాళజాతి చెట్లు, ముళ్ళ ఆకుల అరౌకారియాలు, కమేలియాలు ఒకే చూపులో పడతాయి. ఓడల మీద ప్రపంచమంతటి నుంచి మొక్కలు తెచ్చుకున్న కాలపు గర్వం ఇందులో ఉంది, ఆ గర్వంలో కొంత అందం కూడా ఉందని ఒప్పుకోవాలి.

నెమళ్ళు మీకు ఇక్కడే ఎదురవుతాయి. అవి తోటలో స్వేచ్ఛగా తిరుగుతాయి. కోళ్ళు, బాతులు, సముద్రపు కాకులు కూడా ఉంటాయి. మగ నెమలి మెట్లు దిగడం ఒకసారి ఆగి గమనించండి: పక్షి రెండు మెట్లు దిగిపోయినా పింఛం ఇంకా పై మెట్టు మీదే ఉంటుంది, ఈకలు రాతికి రాసుకుంటూ ఎండుటాకుల చప్పుడు చేస్తాయి. వాటికి రొట్టె ముక్కలు వేయకండి, అది వాటి ఆరోగ్యానికి మంచిది కాదు. పిల్లలు వెంట ఉంటే, పింఛం పట్టుకోవద్దని ముందే చెప్పి ఉంచండి.

లిండెన్ల దారిలో నడవండి

ఇప్పుడు అవెనీదా దస్ తీలియాస్ అనే చెట్ల దారిలోకి మళ్ళండి. తీలియా అంటే లిండెన్ చెట్టు. రెండు వైపులా వరుసగా నాటిన ఈ చెట్ల కొమ్మలు పైన కలుసుకుని, ఎండాకాలంలో దారి పొడవునా ఆకుపచ్చని నీడ పరుస్తాయి. జూన్‌లో ఒక తక్కువ కొమ్మ దగ్గర నిలబడి పూగుత్తిని కోయకుండా చేత్తో తిప్పి చూడండి. నాలుకలాగా సన్నగా, పొడవుగా, లేతాకుపచ్చగా ఉన్న ఒక పత్రం మధ్య నుంచి చిన్న తొడిమ బయలుదేరి, దాని చివర పసుపు కలిసిన తెల్లని చిట్టి పూలు వేలాడుతుంటాయి. పూలు కాయలయ్యాక ఆ పత్రమే రెక్కగా మారి, గింజలను గిరగిరా తిప్పుతూ గాలిలో కొంత దూరం మోసుకుపోతుంది. పూల వాసన తేనెలాగా తియ్యగా ఉంటుంది, తేనెటీగల రొద తల మీద ఆగకుండా వినిపిస్తుంది. ఈ పూలను ఎండబెట్టి మరిగించిన నీళ్ళను పోర్చుగల్‌లో నిద్ర పట్టడానికి తాగుతారు.

పుస్తక ప్రదర్శన జరిగేది ఈ దారి పొడవునే. 2014లో ప్రదర్శన ఈ తోటకు వచ్చినప్పటి నుంచి, ప్రతి సంవత్సరమూ ఒక రచయితను గౌరవిస్తూ ఒక లిండెన్ చెట్టును వారికి అంకితం చేస్తున్నారు. ఈ దారికి ఆనుకునే 2001లో తెరిచిన నగర గ్రంథాలయం ఉంది. దానికి 1799లో పోర్టోలో పుట్టి, పోర్చుగీసు సాహిత్యంలోకి కాల్పనికవాదాన్ని తెచ్చిన అల్మెయిదా గార్రెట్ పేరు పెట్టారు. కాల్పనిక తోటలో ఆ పేరు ఉండడం సముచితంగా అనిపిస్తుంది. వాన పట్టుకుంటే తలదాచుకోవడానికి ఇదే అనువైన చోటు.

విషాదానికి కేటాయించిన మూలలు

తోటలో ఇతివృత్తాలు గల చిన్న ఉద్యానాలు చాలా ఉన్నాయి: సుగంధ మొక్కలది ఒకటి, మందు మొక్కలది ఒకటి, గులాబీలది ఒకటి. సమయం తక్కువగా ఉంటే వీటిలో కొన్ని వదిలేసినా నష్టం లేదు. కానీ జార్డిన్ దోస్ సెంతిమెంతోస్ అనే భావాల తోటను వదలకండి. అక్కడ శిల్పి టెయిషెయిరా లోపెస్ చెక్కిన శిల్పం ఉంది, దాని పేరు దోర్, అంటే వేదన. విహారానికి వచ్చినవారికి వేదనను చూపించడం ఎందుకని అనిపించవచ్చు. దుఃఖాన్ని కూడా మనిషి పూర్ణత్వంలో భాగంగా చూడడం కాల్పనికవాదపు మనసు, అందుకే ఆ శిల్పం ఇక్కడ ఇమిడిపోయింది.

లిండెన్ల దారి చివర ఒక చిన్న ప్రార్థనా మందిరం వస్తుంది. దాని వెనక నిజమైన దుఃఖం ఉంది. ఇటలీలోని సార్డీనియా రాజ్యపు రాజు చార్లెస్ ఆల్బర్ట్ 1849 మార్చిలో నోవారా యుద్ధంలో ఆస్ట్రియా చేతిలో ఓడి, సింహాసనం వదులుకుని, యూరపుకు ఈ చివరన ఉన్న పోర్టోకు వచ్చాడు. కొద్ది నెలలకే, జూలై 28న, ఈ తోటకు దిగువన ఉన్న మాసియెయిరిన్యా అనే తోట ఇంట్లో మరణించాడు. ఆయన తల్లికి రెండవ వివాహం వల్ల పుట్టిన సోదరి ఆగస్టా దె మోంలేఆర్, ఆయన జ్ఞాపకంగా ఈ మందిరం కట్టించింది. అంటే స్ఫటిక భవనం కన్నా, తోట కన్నా ఇదే ముందటిది. తలుపులు మూసి ఉన్నా చుట్టూ ఒకసారి నడవండి.

ఇప్పుడు నది దగ్గరికి రండి

మందిరం దాటి గట్టు అంచుకు వెళ్ళే దారుల్లో చెట్ల సందుల నుంచి నది ముక్కలు ముక్కలుగా కనిపించడం మొదలవుతుంది. ఒక మలుపులో నీటి మెరుపు, ఇంకొక మలుపులో ఎర్రటి ఇంటికప్పులు. చివరికి కటకటాల దగ్గరికి చేరాక అంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

దక్షిణ ముఖంగా నిలబడండి. కాళ్ళ కింద మస్సరెలోస్ పేట కప్పులు, వాటి కింద డౌరో. అవతలి గట్టు విలా నోవా దె గాయా, అది వేరే పురపాలక నగరం. ఎగువ లోయలో పండిన ద్రాక్ష నుంచి తీసిన పోర్ట్ వైన్‌ను ముదరబెట్టే గిడ్డంగులు ఆ ఒడ్డునే ఉన్నాయి. ఒకప్పుడు పీపాలు రబెలో అనే చదునడుగు పడవల మీద నది వెంట దిగివచ్చేవి. మీకు ఎడమ వైపున, అంటే ఎగువకు, 1996లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాత నగరం. కుడి వైపున, సముద్రం దిక్కున, ఇంజనీరు ఎద్గార్ కార్దోసో రూపొందించగా 1963లో తెరిచిన అర్రాబిడా వంతెన. 270 మీటర్ల ఆ కాంక్రీటు కమాను అప్పట్లో ప్రపంచంలోని కాంక్రీటు కమానులన్నిటిలోకీ పొడవైనది. నది మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు ఒకే గీతగా ఎలా వంగిందో ఇక్కడి నుంచి చూసినంత స్పష్టంగా కింద నుంచి కనిపించదు.

ఈ గట్టుకు పూర్వం తోర్రె ద మార్కా అనే పేరుండేది, గుర్తు గోపురం అని అర్థం. నదీముఖంలోకి వచ్చే ఓడలు దారి తప్పకుండా ఇక్కడి గోపురాన్ని ఆనవాలుగా చూసుకునేవి. మీరు ఇప్పుడు నదిని చూస్తున్న చోటును, ఒకప్పుడు నది మీది నావికులు చూసేవారు.

ఫోటోల విషయంలో ఒక సూచన. మధ్యాహ్నం ఎండ దక్షిణం నుంచి సూటిగా లెన్సులోకి పడుతుంది కనుక నది తెల్లగా పేలిపోతుంది. ఉదయం అర్రాబిడా వంతెన వైపు, సాయంత్రం పాత నగరం వైపు తీస్తే వెలుతురు మీ వీపు వెనక ఉంటుంది. తీయడం అయ్యాక ఫోను జేబులో పెట్టి, ఒక బెంచీ చూసుకుని పావుగంట కూర్చోండి. ఇంత సేపు నడిచి వచ్చింది ఆ పావుగంట కోసమే.

వెనక్కి తిరగకుండా దిగువకు దిగండి

ప్రధాన ద్వారానికి తిరిగి వెళ్ళవద్దు. ఎంత్రె-క్వింతాస్ వీధిలోకి తెరుచుకునే దిగువ ద్వారం నుంచి బయటపడండి. క్వింతా అంటే తోటతో కూడిన పెద్ద ఇల్లు; వీధి పేరుకు తోట ఇళ్ళ నడుమ అని అర్థం, వీధి కూడా అచ్చం అలాగే ఉంటుంది. రెండు వైపులా ఎత్తైన గ్రానైటు గోడలు, రాళ్ళ సందుల్లో నాచు, చిట్టి ఫెర్నులు, గోడ మీది నుంచి బయటికి వంగిన కమేలియా కొమ్మలు. రాజు చార్లెస్ ఆల్బర్ట్ మరణించిన ఇల్లు ఇక్కడే ఉంది. 1972లో దాన్ని పందొమ్మిదో శతాబ్దపు జీవితాన్ని చూపే మ్యూజియంగా తెరిచారు. నగర మ్యూజియంలకు సోమవారం సెలవు కనుక, లోపలికి వెళ్ళాలనుకునేవారు ఆ రోజు పెట్టుకోకండి. అదే వీధిలో టెయిట్ అనే ఆంగ్ల కుటుంబం నివసించిన ఇల్లు, దాని తోట ఉన్నాయి. గేటు తెరిచి ఉంటే అక్కడి పెద్ద టులిప్ చెట్టును చూసి రండి.

నగరపాలక సంస్థ ఈ సందులను కాల్పనిక మార్గాలు అనే పేరుతో నడకదారులుగా గుర్తించింది. ఎటు తిరిగినా దిగువకే దిగితే చాలు, మస్సరెలోస్‌లో నది ఒడ్డుకు చేరతారు. మోకాళ్ళ నొప్పులున్నవారు మాత్రం ఈ దిగుడు మానుకుని ప్రధాన ద్వారం నుంచే బస్సు ఎక్కడం మంచిది.

ఒడ్డున పాత విద్యుత్ కేంద్రంలో ట్రాము మ్యూజియం ఉంది. దాని ముందు నుంచే 1వ నంబరు పాత ట్రాము నది వెంట సముద్రం వైపుకూ, తిరిగి పాత నగరం వైపుకూ నడుస్తుంది. దీనికి ఆందాంతె కార్డు పనికిరాదు, వేరే టికెట్టు కొనాలి. ట్రాము నిండి ఉంటే అదే దారిన 500 నంబరు బస్సు వస్తుంది. సావో బెంతోకు వెళ్ళేవారు నదిని కుడి చేతి వైపు ఉంచుకుని కూర్చోండి, కిటికీలోంచి ఇంకాసేపు కనిపిస్తుంది.